ఉభయకుశలోపరి అనలేని ఉత్తరం

షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో కాపురముంటున్న, ఫ్రెంచి చిత్రకారుడు రెన్వా గారు ఓ నవల కోసం గీసిన బొమ్మకి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి కానీ, మీ నవల్లో కుశలం ఎక్కడ ఏడ్చింది గనక! బట్టలుతికి బతికిన జెర్వేజ్ చివరికి మెట్ల కింద గూట్లో ఆకలితో పోయింది. ఇళ్ళ కప్పులకి జింకు రేకులు వేసే ఆమె మొగుడు కూపో తాగి తాగి పిచ్చాసుపత్రిలో పోయాడు. 1877లో ఆ నవల ‘లాసొమ్వార్’ని పుస్తకంగా తెచ్చినప్పుడు ఫ్రెంచి రచయిత ఎమిల్ జోలా, ఇది అబద్ధమాడని నవల, జనం వాసన ఉన్న నవల అని ముందుమాటలో రాసుకున్నాడు. మరుసటేడు బొమ్మలతో అచ్చేస్తూ నిన్నూ అందులో పెట్టారు. నీ దగ్గరేమో ఆదివారం తలంటు వాసన తప్ప ఇంకేం రావడం లేదు!

అసలు నీకు అప్పజెప్పిన పనేంటి, నువ్వు చేసిందేంటి? తాగుడు, పస్తులు, తన్నులు ఇన్ని ఉండగా నీకు దొరికింది 11వ అధ్యాయంలో ఆ షికారేనా? జెర్వేజ్ కూతురు నానా, వారమంతా పారిస్‌లో రూ ద్యు కేర్ అనే వీధిలో గుడ్డపూల కాడలకి కాగితం చుట్టే పిల్ల, ఇంకో ఐదుగుర్ని వెంటేసుకుని, జుట్టుకి రిబ్బన్లు కట్టుకుని, చేతుల్లో చేతులేసుకుని వీధి వీధంతా ఆక్రమించి నడుస్తోంది. పేదవాళ్ళ బొమ్మ చూస్తే మాకు గుండె కలుక్కుమనాలి, అయ్యో అనాలి, అన్నాక వెళ్ళి కాఫీ తాగాలి. అదీ పద్ధతి. నువ్వు ఆ అయ్యో అనే ఛాన్సే ఇవ్వలేదు.

రెన్వా గారు రంగులు పక్కనపెట్టి గోధుమరంగు సిరా పట్టుకున్నారంటే హమ్మయ్య, కాస్త దిగులైనా వస్తుందనుకున్నా. ఎక్కడా! ఉత్త గీతల్తోనే గౌన్లు రెపరెపలాడించేశారు. దర్జీ కొడుకు కదా, గుడ్డ సంగతి బాగా తెలుసు. 13వ ఏటే పింగాణీ గిన్నెల మీద బొమ్మలేసే పనికి కుదిరిన మనిషి, అయినా కూలిజనం ఎలా కనిపించాలో ఆయనకి పెద్దవాళ్ళెవరూ చెప్పినట్టు లేరు. మమ్మల్ని అడిగితే చెప్పేవాళ్ళం.

నా విన్నపం ఒకటే. ఆరుగురిలో ఒక్కరైనా దగ్గండి, పోనీ తలొంచుకోండి. అదీ కుదరదంటే ఆ చేతులు వదిలి కాస్త పక్కకైనా జరగండమ్మా, వీధిలో మాలాంటి పెద్దమనుషులు కూడా నడవాలి కదా.

ఇట్లు,
జాలిపడదామని వచ్చి భంగపడ్డ ఓ పెద్దమనిషి