మెదిస్ గారూ, ఇంతకీ మీరు చెట్టా, అడవా?

మహారాజశ్రీ లిథువేనియా భాషలోని ‘మెదిస్’ అనే మాటగారికి నమస్కారాలు. ఉభయకుశలోపరి.

నిఘంటువులో మీ అర్థం వెతికితే చెట్టు అని ఉంది. ఆ పక్కనే కలప అనీ ఉంది. సరే, మా మాను కూడా అంతే. నిలబడితే చెట్టు, పడితే దుంగ. అందులో తప్పు పట్టను. కానీ మీ దేశపు పడమటి ప్రాంతం సమోగితియా పల్లెల్లో మెదిస్ అంటే ఏకంగా అడవేనట! పక్కింటి లాత్వియాలో మీ చుట్టం ‘మెజ్స్’ కూడా అడవే. రష్యన్ల ఇంట్లో మీ జ్ఞాతి ‘మెజా’ పొలం గట్టు. భాషావేత్తలు మీ వంశం తిరగేసి, మీకూ మా ‘మధ్య’కూ మూలపురుషుడు ఒకడేనని తేల్చారు (మా మధ్య కూడా సంస్కృతం దగ్గర తెచ్చుకున్నదే లెండి). రెండూళ్ల మధ్య పొలిమేర, పొలిమేర నిండా అడవి, అడవిలో చెట్టు, చెట్టు కొడితే కలప. ఇన్ని కొలువులు మారారు, పేరు మాత్రం మార్చుకోలేదు.

మీ ఊళ్లోనే ‘గిరియా’ అని ఇంకొకరున్నారు. అక్కడ కారడవి, మా దగ్గర తోబుట్టువు గిరి, అంటే కొండ. మీ దేశంలోకెల్లా ఎత్తైన కొండ 294 మీటర్లకు కాస్త తక్కువే కదా, కొండ కొలువు దొరక్క అడవిలో చేరిందేమో పాపం.

నా అసలు ఫిర్యాదు మీ మతం గురించి. 1251లో మీ లిథువేనియా పాలకుడు మిందౌగస్ బాప్తిస్మం తీసుకున్నాడు. తీసుకున్నాక కూడా చాటుగా పాత దేవుళ్లకు బలులిస్తున్నాడని పొరుగువాళ్ల గలీచ్-వొలీనియా చరిత్ర చాడీ చెప్పింది. పొలంలో కుందేలు అడ్డం వస్తే తోపులో అడుగు పెట్టేవాడు కాదట, రెమ్మ కూడా విరిచేవాడు కాదట. పిల్లి ఎదురొస్తే గుక్కెడు నీళ్లు తాగి బయల్దేరే మాకు ఆయన పరాయివాడిలా అనిపించడు. ఆ చాడీల జాబితాలో ఉన్న మెదేయినా అడవి తల్లి. ఆవిడ పేరులో ఉన్నది ఎవరండీ? మీరే.

1387లో దేశానికి దేశమే బాప్తిస్మం పుచ్చుకుంది. తర్వాత ప్రాగ్ వాడైన జెరోమ్ అనే సన్యాసి వచ్చి దేవుడి తోపులు నరికించడం మొదలుపెట్టాడు. ఆడవాళ్లు గుంపుగా వెళ్లి వీతౌతస్ ప్రభువు ముందు గొల్లుమన్నారు: వాన కావాలన్నా ఎండ కావాలన్నా అక్కడే అడిగేవాళ్లం, దేవుడి ఇల్లే కూల్చేస్తే ఇప్పుడు ఆయన్ని ఎక్కడ వెతుక్కోవాలి? ప్రభువు సన్యాసినే సాగనంపాడు. జనం క్రీస్తును వదిలినా సరే, తనను వదలకూడదనుకున్నాడని ఆ కథ రాసిపెట్టిన పికొలోమిని ఎత్తిపొడిచాడు. ఆ పికొలోమినియే తర్వాత పోప్ అయ్యాడు. ఓట్లు లేని రోజుల్లోనే ఇంత లెక్క!

1547లో ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్‌లో మజ్వీదస్ అనే రచయిత లిథువేనియన్‌లో మొట్టమొదటి పుస్తకం అచ్చువేయించాడు. అది మతబోధ పుస్తకం. కౌకస్‌నూ, జెమేపతిస్‌నూ, పొలాల కాపరి లౌకసర్గిస్‌నూ వదిలిపెట్టండని పద్యంలో చెప్పాడు. అంటే చిల్లర దేవుళ్లందరికీ ఇల్లు ఖాళీ చేయమని నోటీసులు. మరి మీకో? పదోన్నతి! ఏదెను తోటలో జీవవృక్షం మీరే, గుడ్ ఫ్రైడే నాడు గుడిలో పైకెత్తి చూపించే సిలువ కొయ్యా మీరే. నరికినవాళ్లకే మీతో పని పడింది. మా తెలుగు బైబిల్ కూడా ‘మ్రాను మీద వ్రేలాడిన’వాడి గురించి రాసింది కాబట్టి మిమ్మల్ని మరీ గట్టిగా నిలదీయలేను. కానీ గోడ మీద పిల్లి అయినా ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక వైపు దూకుతుంది. మీరు గోడకు రెండువైపులా కాపురం పెట్టారు.

ఇట్లు,
మీ అర్థం కోసం నాలుగు నిఘంటువులు తిరగేసిన అభాగ్యుడు.

తా.క.: మీ పక్క పేజీలో ‘మెదుస్’ అని ఒకాయన ఉన్నాడు, తేనె. మా మధువుకు స్వయానా అన్నదమ్ముడట, మీకు మాత్రం ఏమీ కాడట. పేర్లు చూస్తే కవలల్లా ఉన్నారు, పైగా ఆయన మీ తొర్రలోనే ఉంటాడు. అద్దె ఇస్తున్నాడా?