వెల్లకిలా పడుకున్న టరాంటులాను తిప్పకండి

టరాంటులాలనే పెద్ద నూగు సాలీళ్ళను పెంచేవారి మధ్య ఒక సలహా చాలాకాలంగా చేతులు మారుతోంది. "సాలీడు వెల్లకిలా పడిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. వెంటనే బోర్లా తిప్పండి, ఒంటి మీద నీళ్ళు చల్లండి, పాత చర్మాన్ని మెల్లగా లాగండి, బలానికి బతికున్న కీచురాయిని వేయండి. కుబుసమే అయితే ముందుగా పొట్ట మీది బోడి మచ్చ నల్లబడి ఉండేది" అన్నది దాని సారాంశం. ఈ సలహా పాటిస్తే, ఏ ఆపదా లేని ప్రాణి పెంచేవారి చేతుల్లోనే చచ్చిపోగలదు. అందుకే ఒక్కొక్క మాటనూ విడిగా పరిశీలించవలసి వస్తోంది.

వెల్లకిలా పడుకోవడం చావుకు గుర్తు కాదు. నేల మీద బతికే టరాంటులాలలో చాలావరకు పట్టుదారంతో పలచని పరుపు అల్లుకుని, దాని మీద తిరగబడి కుబుసం విడుస్తాయి. చనిపోతున్న సాలీడు సాధారణంగా బోర్లానే ఉండి కాళ్ళను పొట్ట కిందికి ముడుచుకుంటుంది. సాలీడు కాళ్ళలోని ముఖ్యమైన కీళ్ళకు ముడిచే కండరాలు ఉన్నాయి గాని చాచే కండరాలు లేవు. లోపలి ద్రవం ఒత్తిడితో వచ్చి నిండితేనే కాలు చాచుకుంటుంది. ఆ ఒత్తిడి పడిపోయినప్పుడు కాళ్ళు ముడుచుకుపోతాయి.

కుబుసం విడవడానికి కూడా ఆ ఒత్తిడే ఆధారం. పొట్టలోని ద్రవం ముందుభాగంలోకి తోసుకురాగానే తల మీది పెంకు అంచు వెంట పగిలి మూతలా లేస్తుంది. ఆ తరువాత కోరలూ ఎనిమిది కాళ్ళూ పాత తొడుగుల్లోంచి కొద్దికొద్దిగా జారి బయటికి వస్తాయి. ఊపిరితిత్తుల లోపలి పొర సైతం పాత చర్మంతో పాటే ఊడివస్తుంది. పిల్ల సాలీడుకు కొద్దిసేపట్లో ముగిసే ఈ పని పెద్దదానికి చాలా గంటలు పట్టవచ్చు. సగం బయటికి వచ్చిన కాలు అప్పుడు ఎంత మెత్తగా ఉంటుందంటే, బోర్లా తిప్పితే అది వంకరపోవచ్చు, చిరిగి ద్రవం కారిపోవచ్చు. చర్మాన్ని లాగినా జరిగేది ఇదే. గంటల తరబడి కదలిక లేక కాలు నిజంగా ఇరుక్కుపోతే, అనుభవం ఉన్నవారు సన్నని కుంచెతో ఆ చోట మాత్రమే నీటి చుక్క అద్దుతారు. కాలు పోయినా తరువాతి కుబుసాల్లో మళ్ళీ మొలుస్తుంది గనుక, ప్రాణాన్ని పణంగా పెట్టి దాన్ని కాపాడనక్కరలేదు.

తేమ అవసరమన్న మాట నిజమే, కానీ దాని వేళ వేరు. సాలీడు మేత మానేసిన రోజు నుంచే నీటి పళ్ళెం నిండుగా ఉండాలి. తేమ కోరే జాతులకు మట్టిలో ఒక మూల నీళ్ళు పోయాలి. కుబుసం మధ్యలో ఒంటి మీద చల్లితే దానికి కలిగేది అలజడే.

బోడి మచ్చ అన్ని జాతులకూ ఉండదు. అమెరికా ఖండాల జాతుల్లో చాలావాటికి పొట్ట మీద దురదపెట్టే నూగు ఉంటుంది. దాన్ని విదిలించినప్పుడు మచ్చ ఏర్పడుతుంది, కింద కొత్త నూగు పెరిగితే అది నల్లగా కనబడుతుంది. మన గుత్తి టరాంటులాకు ఆ నూగే లేదు. 1899లో గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన సాలీడును బట్టి బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త పోకాక్ దాన్ని వర్ణించినా, దాని అసలు నివాసం నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవి. ఈ నీలి సాలీడును విదేశాల్లో ఎంతోమంది పెంచుతున్నారు. ఇది తీవ్రంగా అంతరించిపోతున్న జాతి. 2019లో దీని ప్రజాతి మొత్తాన్ని, వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందపు రెండవ అనుబంధంలో చేర్చారు. అడవి నుంచి దీన్ని పట్టి తేవడాన్ని ఏ పెంపకందారూ సమర్థించకూడదు. చెట్టు తొర్రల్లో ఉండే జాతి కాబట్టి ఇది తరచుగా బెరడు గొట్టంలో కంటికి కనబడకుండానే కుబుసం విడుస్తుంది. మచ్చ కోసం వెతికేవారు రంగు వెలియడం, పొట్ట ఉబ్బడం, మేత ముట్టకపోవడం వంటి అసలు గుర్తులను గమనించరు.

ఇక కీచురాయి సంగతి అన్నిటికన్నా ప్రమాదకరం. మెత్తబడి కదలలేని సాలీడును ఆకలిగొన్న కీచురాయే కొరికి తినగలదు. పొట్ట నిండుగా ఉన్న పెద్ద సాలీడు వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి మేత లేకుండా ఉండగలదు కాబట్టి తొందర అనవసరం. కుబుసం విడిచిన వెంటనే కోరలు తెల్లగా ఉంటాయి, తరువాత ఎర్రబడతాయి, చివరికి నల్లబడి గట్టిపడతాయి. పిల్లలకు కొద్ది రోజులు, పెద్దవాటికి పది రోజుల నుంచి రెండు వారాల వరకు ఆగి, కోరలు నల్లబడ్డాయని చూసుకున్నాకే చిన్న మేత వేయాలి. అది ముట్టకపోతే ఆ రాత్రే మేతను బయటికి తీసేయాలి.