కెడిల్‌స్టన్ హాల్ వారికి ఒక ఆకలి లేఖ

ఇంగ్లండులోని డెర్బీషైర్‌లో వేంచేసియున్న జమీందారీ భవనమగు మహారాజశ్రీ కెడిల్‌స్టన్ హాల్ వారి దివ్యసముఖమునకు నమస్కరించి వ్రాయునది.

నిన్నటి మధ్యాహ్నమంతా తమ సన్నిధిలో తిరిగి, కాళ్లు పీకి, కడుపు కాలి ఇల్లు చేరాక ఈ విన్నపం వ్రాయక తప్పలేదు. పాలరాతి హాలులోని 20 అలబాస్టర్ రాతి స్తంభాలను తలెత్తి చూశాను. రోములోని ప్రాచీన పాంథియన్ గుడిని తలపించేలా 62 అడుగుల ఎత్తున లేపిన గుమ్మటం కింద మెడ పట్టేసింది. బంగారు పూత సోఫాలను మోస్తున్న సముద్రదేవతల మీద జాలిపడ్డాను. తాళవృక్షాల్లా చెక్కిన కోళ్ల పందిరిమంచం మీద నిద్ర ఎలా పడుతుందో తమకే ఎరుక. చూపుకు అడ్డమని ఊరినే పక్కకు జరిపించి, చర్చిని మాత్రం వదిలిపెట్టిన, తమను కట్టించిన నథానియల్ కర్జన్ గారి దయకు జోహార్లు.

అయితే అయ్యా, వంటగది ఎక్కడ పెట్టించారు? నడిమి భవనంలో కాదు. వంపు తిరిగిన నడవా దాటాక వచ్చే ఒక రెక్కలో, అంటే పక్క భవనంలో, వంట, మరో వైపు రెక్కలో కుటుంబం కాపురం, మధ్యనున్న రాజప్రాసాదమంతా వచ్చిపోయేవారు నోరెళ్లబెట్టడానికి! ముందుగదికి తాళం వేసి, చుట్టాలొస్తేనే సోఫా మీది దుప్పటి తీసే మన ఇళ్లకు తమరే ఆదిగురువులని నాకిప్పుడే తెలిసింది. ఆంగ్ల రచయిత డాక్టర్ జాన్సన్ తమను టౌన్ హాలుకు పనికొస్తారని ఎద్దేవా చేశారంటే చేయరా మరి? ఇంత ఆడంబరం చేసి, వంటగది పొయ్యి మీద మాత్రం “వృథా చేయకు, కొరత పడకు” అని చెక్కించారు. స్తంభాలు లెక్కపెట్టుకున్నాక ఆ మాట చెక్కడానికి చేయి ఎలా వచ్చింది?

పోనీ, తమ గొడవ డెర్బీషైర్‌తో ఆగిందా అంటే అదీ లేదు. గవర్నర్ జనరల్ వెల్లస్లీ 1799లో కలకత్తాలో గవర్నమెంటు హౌసు మొదలుపెట్టి, నీ నమూనానే దించాడు. నీకు తలపెట్టిన నాలుగు రెక్కల్లో రెండే లేచాయి. అక్కడ నాలుగూ లేచాయి, మా సొమ్ముతో. నాలుగు రెక్కలుండి కూడా వంటగదికి చోటు దొరకలేదు! అది కలకత్తాలో ఎక్కడో ఉంది గాని ఈ ఇంట్లో లేదని వైస్రాయి భార్య లేడీ డఫరిన్ వాపోయింది. ఇంత సిగ్గులేని ఇంటి గొప్పను నేను ఎక్కడా చూడలేదు. ఒక్క వంటమనిషిని, ఒక్కడినైనా, అడిగి ఉంటే నీ ప్లాను గీసిన కాగితం అక్కడే చింపేసేవాడు.

1859లో నీ నీడలో పుట్టిన జార్జి కర్జన్, 1899లో వైస్రాయిగా వచ్చి ఆ నకలు ఇంట్లోనే దిగాడు కాబట్టి, దూరపు వంటగది నుంచి వచ్చేసరికి చల్లారిన సూపు ఆయనకు కొత్తగా అనిపించి ఉండదు. ఆయన మాకు వేడివేడిగా వడ్డించింది ఏదైనా ఉంటే, అది 1905 నాటి బెంగాల్ విభజన ఒక్కటే.