నడుముండగా లిఫ్టు దండగ

ఎవరైనా సేవకు పూనుకుంటే నడుం బిగించారంటాం. అలిసిపోతే కాస్త నడుం వాల్చమంటాం. కష్టంలో తోడు నిలిస్తే దానికి వెన్నుదన్ను అని పేరు. శ్రమ మొత్తాన్నీ మన భాష ఎప్పుడో ఆ ఒక్క భాగానికి అప్పగించేసింది. అలాంటిది, మంచాన పడ్డవాళ్లనీ ముసలివాళ్లనీ చూసుకునే ఆయాలు, నర్సులు, కేర్‌టేకర్లు నడుం నొప్పి అంటూ అర్జీలు పెట్టుకోవడం భాష సరిగ్గా రాకపోవడం వల్లేనని నా అనుమానం.

నేను ఒక సంరక్షణ కేంద్రంలో భద్రతా కమిటీ సభ్యుణ్ని. జీవితంలో ఒక్క పేషెంటునీ ఎత్తలేదు కాబట్టి ఈ విషయంలో నాకు ఎవరి మీదా పక్షపాతం లేదు. మిగతా ఐదుగురు సభ్యులూ అంతే. మేం కూర్చునే కుర్చీలకు నడుం ఆనే చోట వంపు తిరిగిన మెత్త ఒకటి ప్రత్యేకంగా పెట్టించుకున్నాం. నడుం విలువ మాకు తెలియదని ఎవరూ అనకూడదని ముందే చెబుతున్నాను.

మొదట శాస్త్రం సంగతి చూద్దాం. వృత్తి భద్రత మీద పరిశోధన చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ 1991లో సవరించిన సూత్రం ప్రకారం, పరిస్థితులన్నీ అనుకూలిస్తే ఒక మనిషి చేతులతో ఎత్తదగిన బరువు 23 కిలోలు. అనుకూలించడమంటే బరువు ఒంటికి దగ్గరగా ఉండాలి, పట్టు దొరకాలి, నడుం మెలి తిరగకూడదు. ఇది పెట్టెల కోసం వేసిన లెక్క. పెట్టె సగంలో భయపడి మెడ వాటేసుకోదు. కుడివైపు పనిచేసి ఎడమవైపు చచ్చుబడిన పెట్టె ఉండదు. "నిన్నటి అమ్మాయి నొప్పి తెలియకుండా లేపింది, నీకు చేతకాదు" అని ఏ పెట్టే మొహం మీద అనదు. ఈ తేడాలన్నీ చూసుకుని, ఆ సూత్రం మీద పనిచేసిన థామస్ వాటర్స్ అనే పరిశోధకుడు 2007లో, మనుషుల్ని ఎత్తేటప్పుడు హద్దు సుమారు 16 కిలోలని తేల్చాడు. అదైనా ఆ మనిషి సహకరిస్తేనే.

ఈ లెక్కన 60 కిలోల పెద్దాయన్ని మంచం మీంచి వీల్‌చెయిర్‌లోకి మార్చాలంటే నలుగురు కావాలి. మా దగ్గర రాత్రి డ్యూటీలో వార్డుకి ఒక్కరే ఉంటారు. కమిటీ దీని మీద రెండు గంటలు చర్చించింది. పెద్దాయన్ని నాలుగు విడతలుగా మార్చే వీలుందా అని ఒక సభ్యుడు అడిగాడు. మినిట్స్‌లో రాసుకున్నాం.

మా దగ్గర పేషెంట్లని ఎత్తే లిఫ్టు లేదని అనుకోకండి. ఉంది. చక్రాల మీద నడిచే ఉక్కు చెయ్యి, దానికి వేలాడే గుడ్డ ఊయల. మనిషి కింద ఆ గుడ్డ పరిచి, కొక్కేలు తగిలించి, మీట నొక్కితే చాలు, ఎవరి నడుమూ వంగకుండా మనిషి లేస్తాడు. కొన్న రోజు రిబ్బన్ కట్ చేసి, ముఖ్య అతిథిని అందులో కూర్చోబెట్టి ఫొటో తీశాం. ఇప్పటివరకూ అది ఎత్తింది ఆయనొక్కడినే. దుమ్ము పట్టకుండా ప్లాస్టిక్ కవర్ తొడిగి స్టోర్ రూమ్‌లో పెట్టాం. తాళం స్టోర్ ఇన్‌ఛార్జి దగ్గర ఉంటుంది. ఆయన డ్యూటీ సాయంత్రం ఐదింటికి అయిపోతుంది.

అవగాహన సదస్సులో ఒక నైట్ డ్యూటీ ఆయా లేచి, "సార్, ఆ తాళంచెవి రాత్రిపూట ఎవరి దగ్గరుంటుంది?" అని అడిగింది. చాలా మంచి ప్రశ్న. హాలంతా చప్పట్లు కొట్టాం. చొరవ చూపినందుకు ఆమెకు అక్కడికక్కడే ప్రశంసాపత్రం ఇచ్చాం. ఆమె ఆ కాగితం పుచ్చుకుని ఇంకా నిలబడే ఉంది. జవాబు కోసం అనుకుంటాను.

అసలు తాళం తీసినా లాభం లేదన్నది వేరే సంగతి. ఊయల గుడ్డ ఒక్కటే ఉంది, అది ఉతకడానికి వెళ్తే రెండు రోజులకి గానీ రాదు. బ్యాటరీ చార్జింగ్ పెట్టే బాధ్యత ఎవరిదో రాసిపెట్టలేదు. మంచాల మధ్య ఖాళీ అంతంతమాత్రం, లిఫ్టు కాళ్లు విప్పితే పక్క మంచానికి తగులుతాయి. గుడ్డ పరిచి, కొక్కేలు సరిచూసి, ఎత్తి, దించేసరికి ఐదు నిమిషాలో పదో పడతాయి. చేతులతో లాగేస్తే అర నిమిషం. డ్యూటీ చార్టు వేసింది అర నిమిషం లెక్కతోనే. ఇన్ని కారణాలుండగా ఆయాలు లిఫ్టు వాడకపోవడానికి ఏం రాశామంటే, "సిబ్బందిలో కొత్త పద్ధతుల పట్ల విముఖత."

భద్రతా శాస్త్రంలో ఐదు మెట్లుంటాయి. అన్నిటికంటే పైన ప్రమాదాన్నే లేకుండా చేయడం. దాని కింద, తక్కువ ప్రమాదమున్న పద్ధతికి మారడం. మూడోది లిఫ్టులాంటి యంత్రాలు, ఏర్పాట్లు. నాలుగోది డ్యూటీలు, నియమాలు, శిక్షణ. అట్టడుగున ఒంటికి తొడుక్కునే సరంజామా. పైకి వెళ్లేకొద్దీ రక్షణ గట్టిదని పుస్తకాలు చెబుతాయి. కానీ మెట్లు ఎవరైనా కింది నుంచే కదా ఎక్కుతారు. మేం కింది మెట్టు మీద నిలబడి తలా ఒక నడుం బెల్టు పంచాం. బెల్టు పెట్టుకుంటే గాయాలు తగ్గుతాయనడానికి తగిన ఆధారాల్లేవని అదే నియోష్ 1994లోనే చెప్పింది. చెప్పనీండి. నడుం బిగించండి అని ఊరికే అనడం వేరు, బిగించుకోవడానికి బెల్టు చేతికివ్వడం వేరు. ఆ బెల్టుల మీద మా లోగో కూడా ఉంది.

తర్వాత రెండో మెట్టెక్కి శిక్షణ ఇచ్చాం. "మోకాళ్లు వంచండి, నడుం వంచకండి." ఒట్టి శిక్షణ వల్ల నడుం నొప్పులు తగ్గిన దాఖలాలు పరిశోధనల్లో కనబడలేదు. అయితే శిక్షణకు ఇంకో ప్రయోజనం ఉంది, దాన్ని పరిశోధకులు పట్టించుకోరు. శిక్షణ పూర్తయ్యాక ఆయా నడుం పట్టేస్తే అది ఆమె తప్పవుతుంది. సంతకం కూడా ఉంటుంది.

అక్కడితో మా ఎక్కడం ఆగింది. మూడో మెట్టు తాళం వేసి ఉంది కదా.

ఇక ఇన్నొవేషన్. ఈ రంగం కొత్త ఆలోచనలను ఎలా ఆదరిస్తుందో తెలియాలంటే 1847 నాటి వియన్నాకి వెళ్లాలి. శవపరీక్షలు చేసిన చేతులతోనే డాక్టర్లు కాన్పులు చేస్తున్నారని, క్లోరిన్ కలిపిన నీళ్లతో కడుక్కోమని సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు పట్టుబట్టాడు. బాలింతల చావులు అమాంతం పడిపోయాయి. పెద్దమనుషుల చేతులు మురికివంటావా అని తోటివాళ్లలో చాలామంది చిన్నబుచ్చుకున్నారు. చివరికి ఆయన 1865లో పిచ్చాసుపత్రిలో పోయాడు. ఇప్పుడు ఆ పొరపాటు దిద్దుకున్నాం. చేతుల శుభ్రత మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇచ్చిన సూచనల పోస్టరు ప్రతి గోడ మీదా ఉంది. శానిటైజర్ అయితే 20 నుంచి 30 సెకన్లు, సబ్బూ నీళ్లూ అయితే మొత్తం 40 నుంచి 60 సెకన్లు. పది మంది పేషెంట్లని షిఫ్టులో నాలుగేసి సార్లు చూస్తూ, వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ 30 సెకన్ల చొప్పున శానిటైజర్ రుద్దుకుంటే దానికే 40 నిమిషాలు పోతుంది. డ్యూటీ చార్టులో ఆ 40 నిమిషాలు లేవు. పోస్టరు మాత్రం రంగుల్లో ఉంది.

రోబోల గురించి కూడా ఆలోచించాం. జపాన్‌లోని రికెన్ సంస్థ 2015లో మనుషుల్ని ఎత్తే రోబోని చూపించింది. పేరు రోబేర్, ఎలుగుబంటి మొహం, బరువు 140 కిలోలు. అది ప్రయోగాల దగ్గరే ఆగిపోయి వార్డుల్లోకి రాలేదు. వచ్చి ఉంటే మా మంచాల మధ్య దాన్ని పక్కకి జరపాల్సింది ఎవరో మీరు ఊహించగలరు. అదే జపాన్‌లో 2005 నుంచి అమ్ముతున్న పారో అనే రోబో మాత్రం నిజంగానే వాడుకలో ఉంది. సీల్ అనే సముద్ర జంతువు పిల్లలా తెల్లగా, మెత్తగా ఉంటుంది. నిమిరితే కదులుతుంది, కూతపెడుతుంది. మతిమరుపు వ్యాధి ఉన్న పెద్దవాళ్లు కొందరు దాన్ని ఒళ్లో పెట్టుకుని కుదుటపడతారు. మంచిదే. దాని చార్జర్ పసిపిల్లల నోట్లో పెట్టే పీకలా ఉంటుంది. అంటే ఆయా దాన్ని తీసుకొచ్చి ఒళ్లో పెట్టాలి, విసిరేస్తే ఏరుకురావాలి, బొచ్చు తుడవాలి, డ్యూటీ దిగేముందు నోట్లో పీక పెట్టి పడుకోబెట్టాలి. సహాయకుడు వస్తున్నాడని చెప్పి ఆమె లిస్టులో ఇంకో పేషెంటుని చేర్చే తెలివిని ఇన్నొవేషన్ అనకపోతే ఏమనాలి?

మా సొంత ఆవిష్కరణ ఒక యాప్. తెల్లవారుజామున మూడింటికి ఆయా ఫోన్ టింగుమంటుంది. "ఇప్పుడు మీకు ఎలా అనిపిస్తోంది?" అని ఐదు మొహాలు కనబడతాయి. ఏడుపు మొహం నొక్కితే గట్టిగా ఊపిరి పీల్చుకోమంటుంది. అప్పుడామె బెడ్‌పాన్ మారుస్తూ ఉంటుంది కాబట్టి ఈ సలహాని అందరూ పాటించలేకపోయారు.

పర్యావరణం సంగతికొస్తే, కాగితం ఆదా చేయాలని రిపోర్టులన్నీ ట్యాబ్‌లోకి మార్చాం. ట్యాబ్ పాడైతే ఇబ్బందని అదే రిపోర్టు రిజిస్టర్లో కూడా రాయిస్తున్నాం. తర్వాత గ్లౌజులు. లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో 2018లో అవసరం లేని చోట గ్లౌజులు వాడొద్దని ప్రచారం చేసి, ఏడాదిలో 21 టన్నుల ప్లాస్టిక్ తగ్గించారు. అక్కడ ఎప్పుడు అవసరమో, ఎప్పుడు కాదో కూర్చోబెట్టి నేర్పారు. మేం అంత దూరం వెళ్లకుండా గ్లౌజుల పెట్టెను కూడా స్టోర్ రూమ్‌లో పెట్టాం, లిఫ్టు పక్కన.

ఇదంతా చేస్తుండగానే నాకు ఒక సత్యం తట్టింది. కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ లేదు, ప్లాస్టిక్ లేదు, ఇరుకుదారుల్లో కూడా తిరుగుతుంది, పాడైతే కొత్తది దానంతటదే ఉద్యోగం వెతుక్కుంటూ గేటు దగ్గరికి వస్తుంది. భూమ్మీద ఇంతకంటే పర్యావరణహితమైన లిఫ్టు ఎవరూ కనిపెట్టలేదు. ఆయా నడుమును పునరుత్పాదక వనరుగా గుర్తించాలని కమిటీలో తీర్మానం పెట్టాను. ఏకగ్రీవంగా నెగ్గింది. నడుం నొప్పితో సెలవులో ఉండటం వల్ల సిబ్బంది ప్రతినిధి హాజరు కాలేదు.

ఈ వనరు ఎంత విస్తారమైనదో అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో లెక్కగట్టింది. జీతం లేకుండా ఇళ్లల్లో సాగే సంరక్షణ పని ఒక్క 64 దేశాల్లోనే రోజుకి 1640 కోట్ల గంటలట. 200 కోట్ల మంది రోజుకి ఎనిమిది గంటల చొప్పున ఉత్తినే పనిచేయడంతో సమానం. అందులో నాలుగింట మూడొంతులకు పైగా ఆడవాళ్లదే. వీళ్లకు బెల్టు కూడా అక్కర్లేదు, ఎందుకంటే ఇల్లు పనిచేసే చోటు కాదు. బర్నవుట్‌కి, అంటే పని ఒత్తిడితో మనిషి పూర్తిగా అలిసిపోవడానికి, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన నిర్వచనం చదవండి. అది ఉద్యోగానికి సంబంధించినదేనని, జీవితంలో మిగతా చోట్ల అనుభవాలకు ఆ మాట వాడకూడదని స్పష్టంగా ఉంది. అంటే ఆసుపత్రిలో ఆరు పేషెంట్లని చూసే ఆయాకి బర్నవుట్ రావచ్చు. ఇంట్లో ఆరేళ్లుగా అత్తగారిని తిప్పి పడుకోబెడుతున్న కోడలికి రాదు. నిర్వచనం ఒప్పుకోదు.

ఈమధ్య ఈ రంగంలో నాకు కూడా కొంత అనుభవం వచ్చింది. భద్రతా వారోత్సవాల చివరి రోజు ప్రశంసాపత్రాల డబ్బా స్టేజీ మీదికి నేనే ఎత్తాను. బరువు 11 కిలోలే, హద్దుల్లోనే ఉంది. ఫొటో కోసం అని ఒక్కసారి పక్కకి తిరిగి నవ్వాను. తర్వాత వారం రోజులు తిరగలేకపోయాను.

ఇంట్లో మా ఆవిడే చూసుకుంది. రాత్రి రెండుసార్లు లేచి, ఒక చెయ్యి భుజం కింద, ఇంకో చెయ్యి తుంటి కింద పెట్టి అటు తిప్పేది. "కాస్త మీరు కూడా కదలండి, నాకు తేలికవుతుంది" అనేది. నా బరువు 80 కిలోలు. 16తో భాగిస్తే ఐదుగురు కావాలని పడుకునే లెక్కేశాను. ఆమెకు టెన్షన్ ఎందుకని చెప్పలేదు. కానీ తిప్పేటప్పుడు మోకాళ్లు వంచడం లేదని గమనించాను. శిక్షణ లేని మనిషి కదా అని ఆఫీసు నుంచి "మోకాళ్లు వంచండి" పోస్టరు ఒకటి తెప్పించి, మంచానికి ఎదురుగా అంటించమన్నాను. ఒక చేత్తో నడుం పట్టుకుని, స్టూలెక్కి అంటించింది.

ఎడమవైపు కొంచెం కిందికి జారినట్టుంది. సరిచేయమని చెప్పాను.