గడిలో కొండ: ఐటినరీ షీటు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఐటినరీ షీటు గారి సముఖమునకు,

తమరి పూర్తి నామధేయం "యూరప్ ట్రిప్ ఫైనల్ 3 లేటెస్ట్" అని తెలుసు. మూడు కుటుంబాల వాట్సాప్ గ్రూపులో తమరి ఊరేగింపు నడుస్తోంది. పెద్దబావగారు ఆమోదముద్ర వేశారు, చిన్నక్క రంగులు పూసింది. ఫ్రాన్సుకి నీలం, ఇటలీకి ఆకుపచ్చ, స్విట్జర్లాండుకి గులాబీ. చూడ్డానికి ముచ్చటగానే ఉన్నారు. పేచీ అంతా తమరి 14వ వరసతోనే. అక్కడ ఇలా రాసి ఉంది: "జెర్మాట్, మాటర్‌హార్న్. 10:00 నుంచి 13:00. లంచ్ కలిపి." దాని కింద 15వ వరస: "16:00, లూసర్న్‌లో బోటు షికారు."

అద్దంలో కొండ ఇమిడినట్టు 4,478 మీటర్ల మాటర్‌హార్న్ తమరి గడిలో ఇమిడిపోయింది. ఇమడనిది, ఆ కొండ కింద ఉన్న జెర్మాట్ ఊరికి వెళ్లే దారి.

హోటలు ఇంటర్‌లాకెన్‌లో తీసుకున్నారు కదా. మ్యాపు మీద స్కేలు పెట్టి కొలిస్తే అక్కణ్ణుంచి జెర్మాట్ 75 కిలోమీటర్లు. మనవైపు లెక్కలో టిఫిన్ చేసి బయల్దేరితే టీ వేళకి చేరిపోయే దూరం. మధ్యలో బెర్నీస్ ఆల్ప్స్ అడ్డంగా పడుకుని ఉన్నాయని తమరితో ఎవరూ అన్నట్టు లేదు. రైలు ముందు ష్పీట్స్ దాకా పక్కకి పోతుంది. 2007లో తెరిచిన 34.6 కిలోమీటర్ల లోచ్‌బెర్గ్ సొరంగంలో దూరి, రోన్ లోయలో విస్ప్ దగ్గర పైకి తేలుతుంది. ఆ ఊరిని అక్కడివాళ్లు ఫిస్ప్ అంటారు, రైల్లో అనౌన్స్‌మెంటు కూడా అలాగే వస్తుంది, చెవులు సిద్ధంగా ఉండాలి. అక్కడ దిగి మీటర్ గేజి రైలు ఎక్కాలి. ఎత్తు మరీ నిటారైన చోట ఆ రైలు పట్టాల మధ్య ఉన్న పళ్లకమ్మీని పట్టుకుని పాకుతుంది కాబట్టి ఆ చివరి ముక్కకే గంటకు పైన పడుతుంది. అంతా కలిపి రెండుంబావు గంటలు. రానూపోనూ నాలుగున్నర. జెర్మాట్ నుంచి లూసర్న్‌కి మూడు గంటలు దాటుతుంది కనుక 16 గంటల బోటు తమరి వాళ్లు లేకుండానే వెళ్లిపోతుంది.

విస్ప్‌లో రైలు మారడానికి దొరికేది పది నిమిషాల లోపు. మూడు కుటుంబాలు, ఎనిమిది పెద్ద పెట్టెలు, ఒక రైస్ కుక్కరు, వెనకబడ్డ మేనత్తగారు. ఈ వివరాలకి తమరిలో కాలమ్ లేదు.

కారు అద్దెకి తీసుకుంటే పోలా అని పెద్దబావగారు అడుగుతారు. తీసుకోవచ్చు. కాండర్‌స్టెగ్‌లో కారుని రైలు మీదకి ఎక్కించి, కారులోనే కూర్చుని, పావుగంటలో గోపెన్‌స్టైన్‌లో దిగాలి. అక్కణ్ణుంచి నడుపుకుంటూ టేష్ దాకా వెళ్లొచ్చు. అంతే. జెర్మాట్‌లోకి పెట్రోలు, డీజిలు బళ్లు రానివ్వరు. టేష్‌లో డబ్బు కట్టి కారు పెట్టేసి, చివరి 5 కిలోమీటర్లు 12 నిమిషాల షటిల్ రైల్లో వెళ్లాలి. ఊళ్లో తిరిగేవి పెట్టెల్లాంటి బ్యాటరీ బళ్లు. చప్పుడు చేయవు, హారన్ కొట్టవు. నడిరోడ్డు మీద గ్రూప్ ఫొటోకి నిలబడే అలవాటున్నవాళ్లు వెనక్కి ఓ చూపు వేసి ఉంచాలి.

ఇప్పుడు ఆ మూడు గంటల సంగతి. స్టేషన్ ఎదురుగానే గోర్నర్‌గ్రాట్ కొండరైలు. 1898 నుంచి, అదీ మొదటి రోజు నుంచీ కరెంటు మీదే, నడుస్తోంది. 3,089 మీటర్ల ఎత్తుకి 33 నిమిషాలు. ఎక్కడం దిగడం కలిపి గంటకు పైనే. టికెట్ వరసలో, రైలు కోసం ఎదురుచూడ్డంలో ఇంకో ముప్పావు గంట. ఇక మిగిలింది గంటా పది నిమిషాల లోపే. అందులో లంచ్, టాయిలెట్, పోయిన చేతిగ్లవ్‌ని వెతకడం, అందరూ కళ్లు తెరిచి ఉన్న ఒక్క ఫొటో. శీఘ్రదర్శనం క్యూలో కూడా ఇంత తోపులాట ఉండదు.

పోనీ అంత హడావిడి పడి వెళ్తే స్వామివారు దర్శనమిస్తారా? ఇక్కడే తమరి అసలు అజ్ఞానం బయటపడుతుంది. మాటర్‌హార్న్ ఒంటిగా నిలబడ్డ కొండ. గాలి ఒక వైపు నుంచి వచ్చి శిఖరాన్ని దాటేటప్పుడు, రెండో వైపు ఒత్తిడి తగ్గి, కింది తేమగాలి పైకి లాగబడుతుంది. పైకొచ్చి చల్లబడి మబ్బు కడుతుంది. అందుకే ఆకాశమంతా నీలంగా ఉన్న రోజున కూడా శిఖరానికి ఒక పక్క జెండా కట్టినట్టు మబ్బు వేలాడుతుంది. పడమటి గాలి ఎక్కువ గనక అది తరచు తూర్పు వైపే కడుతుంది, జెర్మాట్ నుంచి కనిపించేదీ ఆ వైపే. దీనికి తోడు ఎండాకాలంలో పొద్దెక్కేకొద్దీ లోయలు వేడెక్కి, మధ్యాహ్నానికి మబ్బులు కుప్పలు పడతాయి. అంటే తెల్లవారుజామున తేటగా ఉన్న కొండ, తమరి 10 గంటల రైలు దిగేసరికి ముసుగు వేసుకునే అవకాశమే ఎక్కువ. టాబ్లరోన్ చాక్లెట్ డబ్బా మీది బొమ్మలోనైనా చూసుకుందామంటే 2023లో అక్కణ్ణుంచి కూడా తీసేశారు. తయారీలో కొంత స్లొవేకియాకి తరలించడంతో, స్విస్ గుర్తులు వాడుకోవడానికి ఆ దేశపు నిబంధనలు ఒప్పుకోలేదు.

కాబట్టి విన్నపం ఇదీ. జెర్మాట్‌లో రెండు రాత్రులు రాసుకోండి. పగళ్ల గడులు ఖాళీగా వదలండి. ఖాళీ గడి చూస్తే తమరికి ప్రాణం గిలగిలలాడుతుందని తెలుసు, అయినా వదలండి. పొద్దున్నే లేచి కొండమీది వెబ్‌క్యామ్ చూసి, శిఖరం కనిపిస్తేనే గోర్నర్‌గ్రాట్ టికెట్ కొనాలి. వేసవిలో పూర్తి ధర మనిషికి వంద ఫ్రాంకులు దాటుతుంది. మబ్బు పట్టిందన్నది డబ్బు వాపసుకి కారణం కాదు. రోటెన్‌బోడెన్ స్టేషన్‌లో దిగి పది నిమిషాలు కిందికి నడిస్తే రిఫెల్‌సే అనే చిన్న మడుగు. గాలి లేవకముందు వెళ్తే కొండ తలకిందులుగా నీళ్లలో ఉంటుంది. గాలి లేచాక ఉన్నవి నీళ్లే.

మబ్బు పట్టిన రోజున ఊరుంది. చర్చి పక్క మ్యూజియంలో ఒక తెగిన తాడు ముక్క పెట్టారు. 1865 జూలై 14న ఎడ్వర్డ్ వింపర్ బృందం, ఏడుగురు, మొదటిసారి మాటర్‌హార్న్ ఎక్కింది. దిగేటప్పుడు ఒకతను జారాడు, తాడు తెగింది, నలుగురు పోయారు. ఆ తాడే ఇది. హింటర్‌డార్ఫ్ వీధిలో నల్లబడ్డ పాత చెక్క గాదెలున్నాయి. ఎలకలు ఎక్కకుండా గాదెకీ దాని కాళ్లకీ మధ్య గుండ్రటి రాతి పలకలు పెట్టారు. మన పల్లెల్లో ధాన్యం దాచినవాళ్లెవరికైనా ఆ తెలివి చూడగానే అర్థమవుతుంది.

ఇక తమరి తేదీలు. పిల్లలకి సెలవులు ఏప్రిల్ చివర నుంచి జూన్ రెండో వారం దాకా గనక తమరు "మే 10" అని వేసేశారు. మే నెల జెర్మాట్‌కి పండగ అయిపోయిన మర్నాడు. స్కీ జనం వెళ్లిపోయారు, నడక జనం ఇంకా రాలేదు. చాలా హోటళ్లు, రెస్టారెంట్లు మూసి రంగులు వేయించుకుంటాయి, కొన్ని లిఫ్టులు మరమ్మతులకి ఆగుతాయి. గోర్నర్‌గ్రాట్ రైలు నడుస్తుంది, పైన మంచు నిండుగా ఉంటుంది, మంచు చాలనుకుంటే హాయిగా వెళ్లొచ్చు. కానీ తమరు 14వ వరస పక్కన కామెంటులో అంటించిన అయిదు సరస్సుల నడక ఫొటో ఎండాకాలానిది. మేలో ఆ సరస్సులు గడ్డకట్టి, దారులు మంచు కింద ఉంటాయి. దానికి జూన్ చివర నుంచి సెప్టెంబరు దాకా రావాలి.

3,883 మీటర్ల ఎత్తున ఉన్న కేబుల్ కారు స్టేషన్ గ్లేసియర్ ప్యారడైజ్‌ని కూడా "టైముంటే" అని చేర్చారు. ఊరు సుమారు 1,600 మీటర్ల ఎత్తులో ఉంది. కేబుల్ కార్లలో గంటలోపే రెండు వేల మీటర్లకు పైగా ఎత్తేస్తారు. పైన సముద్రమట్టంలో దొరికే గాలిలో మూడింట రెండొంతులు కూడా ఉండదు. విశాఖ బీచి నుంచి వచ్చిన మామగారు రెండు మెట్లు ఎక్కి ఆయాసపడితే ఆశ్చర్యం లేదు. గుండె, బీపీ ఉన్నవాళ్లు డాక్టరుని అడిగి రావాలి. మిగతావాళ్లు మధ్య స్టేషన్‌లో కాసేపు ఆగి, నీళ్లు తాగి, మెల్లగా నడవాలి. తలనొప్పి మొదలైతే మందు కిందికి దిగడమే. జూలైలో కూడా స్వెట్టరు, చలువ కళ్లద్దాలు ఉండాలి.

"స్విస్ పాస్ ఉంది, అన్నీ ఫ్రీ" అన్న తమరి గమనిక పావు నిజం. పాస్ జెర్మాట్ స్టేషన్ దాకా తీసుకొస్తుంది. ఆ పై కొండరైళ్లకి సగం ధర కట్టాలి. పిల్లలు 6 నుంచి 15 ఏళ్ల వాళ్లయితే తల్లిదండ్రుల పాస్‌తో పాటు ఉచితంగా ఇచ్చే ఫ్యామిలీ కార్డు అడిగి తీసుకోవాలి, అడక్కపోతే గుర్తుచేసేవారుండరు. గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ అనే టూరిస్టు రైలుకి పాస్ చాలదు, సీటు రిజర్వేషన్ వేరే కొనాలి. అదే పట్టాల మీద మామూలు రైళ్లు నడుస్తాయి, వాటికి రిజర్వేషన్ అక్కర్లేదు, కిటికీ తెరుచుకునేవి కూడా ఉంటాయి.

"ప్యూర్ వెజ్ దొరుకుతుంది" అన్నారు. దొరుకుతుంది, విడమరిచి అడిగితే. ఫాండ్యూ అనే కరిగించిన చీజ్ వంటకంలో వైట్ వైన్ పోస్తారు. రోస్టి అంటే బంగాళాదుంప తురుము వేపుడే గానీ, అందులో పందిమాంసం ముక్కలు కలిపేస్తుంటారు, "ఓనె ష్పెక్" (అది లేకుండా) అని చెప్పాలి. గ్రుయేర్ లాంటి చీజ్‌ని దూడ పొట్టలోని రెన్నెట్‌తో తోడుపెడతారు, దీన్ని అమ్మమ్మగారి చెవిన వేయాలా వద్దా అన్నది కుటుంబ నిర్ణయం. చాలాచోట్ల వంటగది మధ్యాహ్నం రెండింటికి మూసి సాయంత్రం ఆరింటికి తెరుస్తారు. ఆవకాయ జాడీ తెచ్చుకోవచ్చు. నెయ్యి సీసా, పాలకోవా, చికెన్ పచ్చడి తేకూడదు. ఇండియా నుంచి మాంసం, పాల పదార్థాలు రానివ్వరు. కుక్కరు మూడు పిన్నుల ప్లగ్గు అక్కడి గోడకి పట్టదు. లావాటి గుండ్రటి యూరప్ అడాప్టర్ కూడా పట్టదు, స్విస్ సాకెట్టు లోతుగా, ఆరు మూలలతో ఉంటుంది. స్విస్ అడాప్టరనే అడిగి కొనాలి.

ఇంత తిట్టినా, తమర్ని అక్షరం పొల్లు పోకుండా చదివే మనిషి ఒకరున్నారు, వీసా అధికారి. ఖాళీగా ఉంచమన్నది పగళ్లని, రాత్రుల్ని కాదు. ఈ మూడు దేశాలకీ కలిపి పనికొచ్చే షెంగెన్ వీసా ఏ దేశానికి పెట్టాలన్నది రాత్రుల లెక్కే తేలుస్తుంది. ఎక్కడ ఎక్కువ ఉంటే ఆ దేశానికి, సమానమైతే ముందు కాలుపెట్టే దేశానికి. చిన్నక్క రంగు మార్చినప్పుడల్లా ఒక రాత్రి నీలం నుంచి గులాబీకి దూకుతోంది, దరఖాస్తు ఏ కౌంటరులో ఇవ్వాలో కూడా దాంతోపాటే దూకుతోంది. తమరి తేదీలు, హోటలు తేదీలు, 30,000 యూరోల వైద్య బీమా తేదీలు మూడూ కలవాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పదిహేను రోజుల ముందు వరకే దరఖాస్తు తీసుకుంటారు. పెద్దవాళ్లకి 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకి 45. వీసా రాకపోయినా ఆ డబ్బు వెనక్కి రాదు.

ఇట్లు,
తమరి 14వ వరస శ్రేయోభిలాషులు

తా.క. గోర్నర్‌గ్రాట్ రైల్లో పైకి వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ పట్టుకోవాలి. కొండ ఆ పక్కే ఉంటుంది. మేనత్తగారికి ముందే చెప్పి ఉంచండి, ఆవిడ ఎడమవైపు కర్చీఫు వేసేస్తారు.