ఫిక్స్‌డ్ రేటు అనే మహాపరాధం

మనిషికి పుట్టుకతో వచ్చిన హక్కుల్లో మొదటిది బేరమాడే హక్కు. చెప్పిన ధరలో సగానికి అడగడం, కుదరదంటే నాలుగడుగులు అవతలికి వేయడం, వెనక్కి చూడకుండా చెవులు మాత్రం రిక్కించడం, "ఇటు రా అమ్మా, నీ మాటా కాదు నా మాటా కాదు" అనే పిలుపు కోసం ఊపిరి బిగబట్టడం... ఇవి తరతరాలుగా చేతికొచ్చిన విద్యలు. ఇంత ప్రాచీనమైన హక్కును మన దగ్గర్నుంచి ఎవరు లాక్కున్నారో తేల్చాలని చాలాకాలంగా పట్టుదలగా ఉన్నాను. విచారణ ముగిసింది. ముద్దాయి పేరు డిపార్ట్‌మెంట్ స్టోరు.

ఏ-1 జపాన్‌వాడు. 1673లో ఎడో నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, మిట్సుయి తకతోషి అనే ఆయన ఎచిగోయా పేరుతో బట్టల కొట్టు తెరిచాడు. అంతవరకూ అక్కడి పెద్ద వర్తకులు సరుకు మోసుకుని గొప్పవాళ్ల ఇళ్లకు వెళ్లేవారు. ముఖం చూసి ధర చెప్పేవారు. అరువిచ్చి, పండగకో పబ్బానికో వసూలు చేసుకునేవారు. ఎంత నాగరికమైన పద్ధతి! మిట్సుయిగారు వచ్చి రొక్కం ఇక్కడ పెట్టు, రేటు అందరికీ ఒకటే అన్నాడు. ఆ కొట్టే పెరిగి 1904లో మిట్సుకోషి డిపార్ట్‌మెంట్ స్టోరయింది. శిక్ష తగ్గించడానికి ఒక్కటే కారణం కనిపిస్తోంది. గత శతాబ్దం మొదట్లో కూడా అక్కడ చెప్పులు బయట విడిచే లోపలికి వెళ్లాలట. మన చీరల కొట్లలో చెప్పులు విప్పి పరుపుల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్న జాతిగా, ఆ ఒక్క మర్యాదకు నమస్కరిస్తున్నాను.

ఏ-2 పారిస్‌లో ఉన్నాడు. అరిస్టీడ్ బూసికో 1852లో బాన్ మార్షే అనే కొట్టులో భాగస్వామిగా చేరాడు. ఆ పేరును విడదీసి చదివితే 'మంచి బేరం' అని అర్థం. బేరం గొంతు నులిమిన కొట్టుకు ఆ పేరు! బోర్డు మీద గోవును గీసి లోపల కబేళా నడిపినట్టుంది. అప్పట్లో పారిస్‌లో కొట్టు గడప తొక్కితే ఏదో ఒకటి కొనకుండా బయటికి రావడం మర్యాద కాదు. బూసికో ఆ మొహమాటం తీసేశాడు. ఊరికే చూసి పోవచ్చు, నచ్చకపోతే వెనక్కి ఇవ్వచ్చు, ధర మాత్రం చీటీ మీద ఉన్నదే. జనం ఊరికే చూడటానికి వచ్చి, చేతుల నిండా సంచులతో బయటపడ్డారు. పిల్లలకు బెలూన్లు పంచాడు. భర్తలు విసుగెత్తి భార్యలను బయటికి లాక్కెళ్లకుండా వాళ్లకు పేపర్లతో సహా చదువుకునే గది కట్టించాడు. ఈ ఒక్క ఘనకార్యానికి మాత్రం ఆయనకు విగ్రహం పెట్టాలంటాను. మన మాల్స్‌లో భర్తలకు కేటాయించిన స్థలం ఇప్పటికీ మెట్ల మలుపే.

మిగతా ముద్దాయిలను త్వరగా పిలుస్తాను. ఫిలడెల్ఫియాలో జాన్ వానమేకర్ ధర చీటీని మతంలా ప్రచారం చేశాడు. అది చాలదన్నట్టు 1911లో కొట్టు నడిమధ్య గుడిలో మోగినట్టు మోగే బ్రహ్మాండమైన ఆర్గన్ వాయిద్యం పెట్టించాడు. సంగీతం మోగుతుంటే తగ్గించమని అడగడానికి నోరెలా వస్తుంది? లండన్‌లో గోర్డన్ సెల్ఫ్రిడ్జ్ కొట్టు తెరిచిన 1909లోనే, ఇంగ్లిష్ చానెల్ దాటొచ్చిన బ్లేరియో విమానాన్ని తెచ్చి లోపల నిలబెట్టాడు. విమానం చూసి నోరు తెరిచినవాడు ఆ నోటితో బేరమేం ఆడతాడు? అంత చేసినవాడు చివరికి అప్పులపాలై, సొంత కొట్టు చేజారి, 1947లో లండన్‌లోనే పట్నీ అనే పేటలో చిన్న ఇంట్లో కన్నుమూశాడు. ఉసురంటే అదే.

అదే లండన్‌లో హారడ్స్ వాళ్లు 1898లో కదిలే మెట్లు పెట్టారు. ఎక్కి పైకి చేరిన కొనుగోలుదారులు బెదిరిపోతే తేరుకోవడానికి పైన బ్రాందీ ఇచ్చారు. చరిత్రలో డిపార్ట్‌మెంట్ స్టోరు మనిషికి బాకీ తీర్చిన సందర్భం ఇదొక్కటే. సోవియట్ మాస్కోలోని గూమ్ అనే సర్కారు కొట్టు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అక్కడా ధర ఒకటే. బేరమాడాలంటే ముందు సరుకుండాలి కదా.

"మన దగ్గర మాత్రం?" అంటారా? హైదరాబాద్ ఆబిడ్స్‌కు ఆ పేరు వచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిడ్ కొట్టు వల్లే. నిజాంగారు ఓసారి వాడేసి, పక్కన పెట్టిన వస్తువులు ఆ కొట్టుకు చేరి, మళ్లీ నిజాంగారికే అమ్ముడయ్యేవని చెప్పుకుంటారు. ఇది కల్పనే అయితే అంత అందమైన కల్పనను చెడగొట్టే పాపం నాకొద్దు. బేరమాడని మనిషికి పట్టే గతి మాత్రం అదే, రాజైనా సరే.

ఇక అసలు సాక్ష్యం అమెరికా నుంచి వచ్చింది. జె.సి. పెన్నీ 1902లో మొదలైన కొట్టు. పెట్టినాయన పూర్తి పేరు జేమ్స్ క్యాష్ పెన్నీ. ఒట్టు, తల్లిదండ్రులు పెట్టిన పేరే. 2012లో ఆపిల్ దుకాణాలను నడిపి పేరు తెచ్చుకున్న రాన్ జాన్సన్ దానికి అధిపతిగా ఉన్నాడు. ముందు రేటు పెంచి, తర్వాత కొట్టేసి, కూపన్ చేతిలో పెట్టే నాటకం ఎందుకు, మొదటే సరైన ధర వేసేద్దాం అన్నాడు. సత్యహరిశ్చంద్రుడు కౌంటర్లో కూర్చున్నట్టే. జనం ఏం చేశారు? రావడం మానేశారు. ఏడాదిలో అమ్మకాలు పావు వంతు పడిపోయాయి. 2013 ఏప్రిల్‌లో ఆయన్ను పంపించేసి, తప్పయిందని టీవీలో ప్రకటన ఇచ్చి, కూపన్లు మళ్లీ తెచ్చారు. మనిషికి కావాల్సింది తక్కువ ధర కాదు యువరానర్, తగ్గించిన ధర. నాలుగొందల వస్తువును నాలుగొందలకు కొన్నవాడు ఆ సంగతి ఇంట్లో ఎవరికి చెప్పుకుంటాడు?

మొన్న ఆషాఢంలో మా మేనత్తను ఐదంతస్తుల బట్టల మాల్‌కు తీసుకెళ్లాను. ఎస్కలేటర్ ముందు ఒక చేత్తో కుచ్చిళ్లు, ఇంకో చేత్తో నా చొక్కా పట్టుకుని, కుడికాలు గాల్లో ఉంచి, మూడు మెట్లను పోనిచ్చి నాలుగోదాని మీదకు ఉరికింది. పైన బ్రాందీ సంగతి అటుంచండి, గుక్కెడు మజ్జిగ ఇచ్చిన పాపాన పోలేదు. గంటన్నరలో నలభై చీరలు విప్పించి ఒకటి తేల్చింది. చీటీ మీద 4,960 కొట్టేసి 2,480 అని ఉంది.

"రెండు వేలకు చేసుకో నాయనా," అంది కౌంటర్ దగ్గర.

"సిస్టమ్ తీసుకోదమ్మా."

"ఎవరతను? పిలువు, నేను మాట్లాడతాను."

కుర్రాడు నా వైపు చూశాడు. నేను సీలింగ్ వైపు చూశాను. అత్త చీరను కౌంటర్ మీద పెట్టేసి, కొంగు భుజం మీదుగా లాక్కుని, అలవాటు ప్రకారం నాలుగడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరగలేదు. చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.

పిలుపు వచ్చింది.

"నెక్స్ట్!"