కలపలో సగం పొయ్యిపాలేనా?

ములుగు జిల్లా మంగపేట మండలం కమలాపురంలో కలప నుంచి రేయాన్ బట్టల దారానికి కావలసిన గుజ్జు తీసే ఫ్యాక్టరీ 2014లో ఆగిపోయింది. అదే ఏడాది మూతపడిన కాగజ్‌నగర్ సిర్పూర్ కాగితపు మిల్లు 2018లో మళ్లీ తెరుచుకుంది. కమలాపురాన్నీ తెరవాలన్నదే మా కోరిక. అయితే గుజ్జు ఒక్కటే అమ్ముకుని బతకాలనుకుంటే, ధర పడిపోయిన రోజు మళ్లీ తాళం పడుతుందేమోనని మా భయం.

కర్ర నుంచి గుజ్జు తీసే క్రాఫ్ట్ అనే పద్ధతిలో కర్ర ముక్కలను కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ కలిపిన ద్రావణంలో దాదాపు 160-170 డిగ్రీల వేడిమీద ఉడికిస్తారు. గుజ్జుగా చేతికొచ్చేది కర్ర బరువులో సుమారు సగమే. రేయాన్ గుజ్జయితే ఇంకా తక్కువ. పోగులను అతికించి ఉంచే లిగ్నిన్ కరిగి నల్లటి ద్రవంలోకి పోతుంది. ఈ బ్లాక్ లిక్కర్‌ను చిక్కబరిచి బాయిలర్‌లో మండిస్తే ఆవిరి, కరెంటు వస్తాయి, వాడిన రసాయనాలూ తిరిగి దక్కుతాయి. మంచి ఏర్పాటే, కానీ అక్కడితో ఆగిపోవాలా?

స్వీడన్, ఫిన్లాండ్ మిల్లులు పైన్ కలప నుంచి టర్పెంటైన్, టాల్ ఆయిల్ (పైన్ జిగురు నుంచి వచ్చే నూనె) తీస్తాయి. నార్వేలో ఒక సంస్థ సల్ఫైట్ అనే మరో గుజ్జు పద్ధతిలో మిగిలే లిగ్నిన్ నుంచి ఐస్‌క్రీముల్లో వాడే వెనిలిన్ తయారుచేస్తోంది. మన జామాయిల్, సుబాబుల్ నుంచి టాల్ ఆయిల్ ఆశించలేం. మనకు కలిసొచ్చేది వేరే ఉంది. రేయాన్‌కు సెల్యులోజ్ (కర్రలోని పోగు పదార్థం) చాలా శుద్ధంగా ఉండాలి కాబట్టి, సాధారణంగా అసలు ఉడికింపుకు ముందే ఆవిరితోనో వేడినీటితోనో పోగులతో కలిసి ఉండే హెమిసెల్యులోజ్ అనే పదార్థాన్ని కరిగించి తీసేస్తారు. ఆ నీళ్లలో జైలోజ్ అనే చక్కెర, ఎసిటిక్ ఆమ్లం, ఫర్ఫ్యూరాల్ అనే రసాయనం ఉంటాయి. జైలోజ్ నుంచి చూయింగ్ గమ్‌లో, టూత్‌పేస్టులో వాడే జైలిటాల్ అనే తీపి పదార్థం వస్తుంది. ఫర్ఫ్యూరాల్‌తో లోహాన్ని పోతపోసే ఫౌండ్రీ అచ్చులకు కావలసిన రెసిన్లు చేస్తారు. బ్లాక్ లిక్కర్‌లోకి కార్బన్ డయాక్సైడ్ పంపితే లిగ్నిన్ పొడిగా విడిపోతుంది. ప్లైవుడ్ జిగురులో ఫినాల్ అనే రసాయనానికి బదులు కొంతమేర దాన్ని వాడొచ్చు.

ఇదంతా తేలిక అని మేము అనడం లేదు. లిగ్నిన్ ఎక్కువ తీస్తే బాయిలర్‌కు ఇంధనం తగ్గుతుంది. పలచటి నీళ్ల నుంచి చక్కెరను వేరుచేయడం ఖర్చుతో కూడిన పని. ఎంత తీస్తే గిట్టుబాటవుతుందో లెక్కగట్టాలి. వరంగల్ ఎన్‌ఐటీలో కెమికల్ ఇంజినీరింగ్ విభాగం ఉంది, హైదరాబాద్‌లో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ ఉంది. కమలాపురంపై కొత్త పెట్టుబడిదారుతో మాట్లాడే ముందే ప్రభుత్వం ఈ రెండు సంస్థలతో సాధ్యాసాధ్యాల నివేదిక తయారుచేయించాలి. రాయితీలు ఇస్తే ఉప ఉత్పత్తుల యూనిట్‌ను షరతుగా పెట్టాలి, గోదావరిలోకి వ్యర్థజలాలు వెళ్లకుండా చూసే బాధ్యతనూ అందులోనే రాయాలి. కర్ర కొనుగోలు ధర కూడా గుజ్జు రేటు ఒక్కదాన్నే చూసి కట్టకూడదు. జామాయిల్ రైతు అమ్మేది మొత్తం కర్ర. మిగతా సగం నుంచి వచ్చే ఆదాయంలో అతనికీ వాటా ఉండేలా ఒప్పందం రాసుకోవాలి.